కంప్యూటర్ స్నూకర్‌లో ట్రిక్ షాట్: గురి కుదరాలంటే ముందు అమరిక కుదరాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ప్రాక్టీస్ టేబుల్ మీద నాలుగు రెడ్‌లను (ఎర్ర బంతులను) అర మీటరు ఎడంతో ఒక వరుసలో పెట్టారు. తెల్ల బంతి మొదటిదాన్ని కొట్టాలి, అది రెండోదాన్ని, అలా చివరిది మూల పాకెట్‌లో పడాలి. కీబోర్డుతో గురిని ఎంత సన్నగా సరిచేసినా ఇరవైసార్లలో ఒక్కసారి కూడా పడలేదు. ఒకసారి మూడో రెడ్ ఎటో పోతుంది, ఇంకోసారి నాలుగోదాని దాకా కదలికే వెళ్లదు. గేమ్ మోసం చేస్తోందా, గురి పెట్టే పద్ధతి వేరే ఏదైనా ఉందా అని అడిగారు.

గేమ్ మోసం చేయడం లేదు. మీ గురిలోనూ తప్పు లేదు. ఆ అమరికతో ఎవరు గురి పెట్టినా పడదు. ఎందుకో ముందు లెక్కతో చూపిస్తాను. ఆ లెక్క ఒక్కటి అర్థమైతే షాట్ ఎలా కట్టాలో సగం తెలిసినట్టే.

స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. ఒక బంతి ఇంకో బంతి వైపు దాదాపు సూటిగా వెళ్తున్నప్పుడు దాని దారిలో చిన్న తేడా ఉందనుకోండి. రెండో బంతి దారిలో ఆ తేడా ఎన్ని రెట్లవుతుందో కనుక్కోవడం తేలిక. మొదటి బంతి బయల్దేరిన చోటు నుంచి రెండో బంతి కేంద్రం దాకా ఉన్న దూరాన్ని బంతి వ్యాసంతో భాగించి, అందులోంచి ఒకటి తీసేయండి. వచ్చినన్ని రెట్లు. దూరం 525 మిల్లీమీటర్లయితే పదిలోంచి ఒకటి పోగా తొమ్మిది రెట్లు. మీటరుకు కాస్త పైన, అంటే 1050 మిల్లీమీటర్లయితే పందొమ్మిది రెట్లు.

ఇప్పుడు మీ వరుస మీదికి రండి. మీ గేమ్‌లో గురి కదిలే అతి చిన్న మెట్టు 0.1 డిగ్రీ అనుకుందాం. మీకు సరిగ్గా కావాల్సిన కోణం రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంటుంది కాబట్టి, ఎంత జాగ్రత్తగా ఉన్నా 0.05 డిగ్రీ దాకా తేడా మిగిలిపోవచ్చు. అది మొదటి రెడ్ దగ్గర 0.45 డిగ్రీ అవుతుంది. రెండో రెడ్ దగ్గర 4 డిగ్రీలు దాటుతుంది. నాలుగు డిగ్రీలు పక్కకు బయల్దేరిన రెండో రెడ్ అర మీటరు వెళ్లేసరికి దాదాపు 37 మిల్లీమీటర్లు తప్పుతుంది. అంటే మూడో రెడ్‌ను పక్కనుంచి ఒరుసుకుంటూ తాకుతుంది, మూడోది అనుకున్న గీత నుంచి 40 డిగ్రీలు పక్కకు పోతుంది. నాలుగోదాని సంగతి ఇక చెప్పక్కర్లేదు. గేమ్ ఇవ్వగలిగిన అతి సన్నని గురి కూడా ఈ షాట్‌కు చాలదు. వేలితోనో మౌస్‌తోనో దీన్ని సరిదిద్దే మార్గం లేదు.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. రెండు బంతులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే? కేంద్రాల మధ్య దూరం సరిగ్గా ఒక వ్యాసం. ఒకటిలోంచి ఒకటి పోతే సున్నా. అంటే మొదటి బంతిని మీరు ఎటునుంచి కొట్టినా, రెండో బంతి రెండింటి కేంద్రాలను కలిపే గీత మీదే వెళ్తుంది. వెనకాల చేసిన తప్పంతా అక్కడ తుడిచిపెట్టుకుపోతుంది. స్నూకర్ ఆడేవాళ్లు ప్లాంట్ (ఒక బంతి ఇంకో బంతిని పాకెట్‌లోకి నెట్టే అమరిక) అంటూ వెతుక్కునేది దీనికోసమే. ఎగ్జిబిషన్లలో ఒక్క దెబ్బకు ఆరేడు బంతులు పాకెట్లలోకి పోవడం చూసి ఆ ఆటగాడి గురికి ముచ్చటపడతాం. నిజానికి గురంతా ముందే, బంతులను పేర్చేటప్పుడే అయిపోయి ఉంటుంది. కంప్యూటర్ గేమ్‌లో అయితే పేర్చడానికి మనకు కావాల్సినంత టైమ్ ఉంది, ఎవరూ తొందరపెట్టరు.

అందుకే నా పద్ధతి ఇది: పాకెట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి కట్టుకుంటూ వస్తాను. చివరి బంతి ఏ పాకెట్‌లో పడాలి? దాని వెనక అంటుకుని ఉండాల్సిన బంతి ఎక్కడ? ఆ జంటను కదిలించే బంతి ఎటునుంచి రావాలి? ఇలా వెనక్కి వెళ్లగా తెల్ల బంతి ఎక్కడుండాలో అదే తేలుతుంది. ముందు తెల్ల బంతిని పెట్టి, ఇక్కణ్నుంచి ఏమేం కొట్టొచ్చు అని చూసేవాళ్లు మీరు పడ్డ ఇబ్బందే పడతారు.

మాటలతో కాకుండా ఒక షాట్‌ను మొదటినుంచి కట్టి చూపిస్తాను. మీ గేమ్ తెరిచి పక్కన పెట్టుకోండి.

పూర్తి సైజు స్నూకర్ టేబుల్ ఆడే భాగం పొడవు 3569 మిల్లీమీటర్లు, వెడల్పు 1778. పింక్ స్పాట్, అంటే పింక్ బంతిని పెట్టే చుక్క, టేబుల్ పొడవునా సాగే మధ్య గీత మీద, పై కుషన్ (బ్లాక్ బంతి ఉండే వైపు రబ్బరు అంచు) నుంచి పొడవులో నాలుగో వంతు దూరంలో ఉంటుంది. అంటే 892 మిల్లీమీటర్లు. వెడల్పులో సగం 889. ఈ రెండు అంకెలు దాదాపు ఒకటే కదా! దాని ఫలితం ఏమిటంటే, పింక్ స్పాట్ నుంచి పై మూలల్లోని రెండు పాకెట్లకూ గీతలు గీస్తే వాటి మధ్య కోణం 90 డిగ్రీలు, పావు డిగ్రీ కూడా తేడా లేకుండా. ఈ సంగతి గమనించిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. ఎందుకంటే అంటుకున్న రెండు బంతులు విడిపోయేది కూడా 90 డిగ్రీల కోణంలోనే.

అది ఎలాగంటే, పింక్‌ను దాని స్పాట్ మీద పెట్టండి. ఒక రెడ్‌ను పింక్‌కు అంటించి, కుడివైపు పై పాకెట్ దిశలో పెట్టండి. పింక్ కేంద్రం, రెడ్ కేంద్రం, పాకెట్ నోటి మధ్యభాగం మూడూ ఒకే గీత మీదికి రావాలి. ఇప్పుడు తెల్ల బంతిని బ్లూ స్పాట్ (టేబుల్ నడిమధ్య చుక్క) వైపు నుంచి టేబుల్ మధ్య గీత వెంట తిన్నగా పింక్‌కు కొట్టండి. పింక్‌కు ముందుకు వెళ్లే వేగం వస్తుంది. అందులో రెడ్ దిశలో ఉన్న భాగం రెడ్‌కు వెళ్లిపోతుంది, రెడ్ కుడి పాకెట్ దారి పడుతుంది. పింక్‌కు మిగిలేది ఆ గీతకు లంబంగా ఉన్న భాగం మాత్రమే. ఆ లంబ దిశలో ఏముంది? ఎడమవైపు పై పాకెట్. ఒక్క దెబ్బకు రెండు బంతులు, రెండు పాకెట్లు, రెండూ దాదాపు ఒకే వేగంతో. తెల్ల బంతి పింక్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు పక్కగా తాకినా దారులు మారవు. రెడ్‌కు, పింక్‌కు వేగం పంచుకోవడంలో మాత్రం కాస్త తేడా వస్తుంది.

మొదటిసారి కొట్టగానే మీకు కనిపించేది ఏమిటో కూడా చెబుతాను: రెడ్ పడుతుంది, పింక్ పాకెట్‌కు కాస్త ముందు పై కుషన్ అంచును తాకి ఆగుతుంది. దీనికి కారణం ఉంది. ఏ ఢీలోనూ వేగం నూటికి నూరు పాళ్లు చేతులు మారదు. బంతుల తాకిడిలో వేగం ఐదు శాతం తగ్గేలా గేమ్ రాసినవాళ్లు పెట్టారనుకుంటే, రెడ్‌కు ఇవ్వాల్సిన దాంట్లో 2.5 శాతం పింక్ దగ్గరే ఉండిపోతుంది. ఆ కాస్త పింక్‌ను రెడ్ వైపుకు, అంటే ముందుకు, ఒకటిన్నర డిగ్రీ దాకా వంచుతుంది. పాకెట్ చేరేసరికి అది మూడు సెంటీమీటర్లు. బంతి పోవడానికి పాకెట్ నోట్లో ఉండే వెసులుబాటు అంతకంటే తక్కువ.

దీనికి విరుగుడు గురి మార్చడం కాదు. జంటను బాల్క్ వైపుకు, అంటే పై కుషన్‌కు ఎదురు చివరకు, సగం బంతి మేర వెనక్కి జరపండి. తర్వాత రెడ్‌ను పింక్ చుట్టూ కాస్త తిప్పి, మళ్లీ కుడి పాకెట్ గీత మీదికి తీసుకురండి. వెనక్కి జరిగేకొద్దీ రెండు పాకెట్ల మధ్య కోణం 90 కంటే తగ్గుతుంది, వంగిన పింక్‌కు సరిగ్గా కావాల్సింది అదే. ఒక్కో మిల్లీమీటరుకు కోణం సుమారు 0.06 డిగ్రీ మారుతుంది. మీ గేమ్‌లో తాకిడి నష్టం ఎంతో దాన్నిబట్టి పది నుంచి ముప్ఫై మిల్లీమీటర్ల లోపు ఎక్కడో పింక్ పాకెట్ మధ్యలోకి వచ్చి పడుతుంది. మూడు నాలుగు ప్రయత్నాలకు మించి పట్టదు.

ఇప్పుడు మూడో బంతి. కింద కుడి మూల పాకెట్ నోట్లో, దాదాపు పడిపోయేలా బ్లాక్‌ను పెట్టండి. తెల్ల బంతిని మధ్య గీత మీంచి తీసి, ఆ బ్లాక్ నుంచి పింక్‌కు గీసిన గీత మీద, పింక్‌కు ఒక అడుగు దూరంలో పెట్టండి. పింక్‌ను నిండుగా, అంటే సరిగ్గా నడిమికి కొట్టండి, క్యూ (కొట్టే కర్ర) మొనను మాత్రం తెల్ల బంతి అడుగుకు దించి స్క్రూ, అంటే వెనక్కి తిరిగే స్పిన్, ఇవ్వండి. రెడ్, పింక్ పైకి వెళ్తాయి. తెల్ల బంతి వచ్చిన దారినే వెనక్కి తిరిగి బ్లాక్‌ను పాకెట్‌లోకి నెడుతుంది. కొట్టే దిశ పక్కకు మారింది కదా, పై రెండు బంతులు చెడిపోవా అనిపించొచ్చు. చెడిపోవు, అంటుకున్న జంట గొప్పతనం అదే. పైగా తెల్ల బంతి రెడ్ ఉన్న వైపు నుంచే వస్తోంది కాబట్టి వేగంలో ఎక్కువ వాటా పింక్‌కు వెళ్తుంది, పింక్ వంపు సగానికి తగ్గుతుంది. జంటను వెనక్కి జరపాల్సిన దూరమూ సగమే. రెడ్ మాత్రం పింక్ కంటే నెమ్మదిగా, దాదాపు సగం వేగంతో వెళ్లి పడుతుంది. చూడ్డానికి ఇదే ఇంకా బాగుంటుంది, ఒకటి పడ్డాక ఒకటి పడుతుంది.

ఈ మొత్తం షాట్‌లో మీ గురి నిజంగా పనిచేయాల్సింది ఆ మూడో బంతికి. పింక్‌ను నిండుగా కాకుండా ఒక మిల్లీమీటరు పక్కగా తాకినా, తిరుగు దారి రెండు మూడు మీటర్ల తర్వాత చాలా తప్పుతుంది. అందుకే తెల్ల బంతిని పింక్‌కు దగ్గరగా పెట్టమన్నాను. దగ్గరగా పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. వెనక్కి తిరిగే స్పిన్ బట్ట మీద జారుతున్నంతసేపూ అరిగిపోతూనే ఉంటుంది. ఏ స్పిన్ లేకుండా జారుతూ బయల్దేరిన బంతి కూడా కాసేపటికి మామూలుగా దొర్లడం మొదలుపెడుతుంది, అప్పటికి దాని వేగం మొదటిదాంట్లో ఏడింట ఐదు వంతులే. దూరం నుంచి కొడితే స్క్రూ దారిలోనే ఆవిరై, తెల్ల బంతి వెనక్కి రాదు. బ్లాక్‌ను పాకెట్ నోట్లో పెట్టించింది కూడా తప్పు జరిగితే భరించడానికే. అక్కడున్న బంతిని ఎటునుంచి తాకినా లోపలికే పోతుంది. గొలుసులో ఎక్కడైతే తప్పు పెరగక తప్పదో, అక్కడ పాకెట్ నోట్లో వేలాడే బంతిని పెట్టడం నా అలవాటు.

అంటించడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఓడిపోయేది ఇక్కడే. బంతులను మౌస్‌తో లాగి పెట్టే గేముల్లో కళ్లకు అంటుకున్నట్టు కనిపించేవి నిజంగా అంటుకుని ఉండవు. మన పింక్, రెడ్ మధ్య ఒక్క మిల్లీమీటరు ఖాళీ ఉందనుకోండి. రెడ్ వెళ్లే దిశ 1.1 డిగ్రీ మారుతుంది. పాకెట్ దగ్గర అది రెండు సెంటీమీటర్లకు పైనే. ఆ ఖాళీ ప్రతిసారీ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు, రెడ్‌ను తిప్పి సర్దుకోవచ్చు. కానీ ప్రతిసారీ కొత్తగా పెట్టుకుంటే ఖాళీ కూడా ప్రతిసారీ మారుతుంది. దీనికి ఎదురు సమస్య ఇంకోటుంది. ఒక బంతిని ఇంకో దాంట్లోకి కొంచెం దూర్చి పెట్టడానికి గేమ్ ఒప్పుకుందనుకోండి, మీరు కొట్టిన మరుక్షణం అవి రెండూ ఒకదాన్నొకటి విదిలించుకుంటాయి. ఎవరూ తాకకుండానే బంతి పక్కకు జరగడం చూశారంటే కారణం అదే. మీ గేమ్‌లో బంతి స్థానాన్ని అంకెలతో టైప్ చేసే వీలుంటే తప్పకుండా అలాగే పెట్టండి. లేకపోతే కెమెరాను నేరుగా పైకి తీసుకెళ్లి, వీలైనంత దగ్గరికి జూమ్ చేసి పెట్టండి. పక్కనుంచి చూసే కోణంలో వెనక బంతి ముందు బంతికి అంటినట్టే కనిపించి మోసం చేస్తుంది. ఒకసారి కుదిరాక వెంటనే సేవ్ చేయండి. ఆ తర్వాత ప్రతి ప్రయత్నం ఆ సేవ్ నుంచే.

ఇంతకీ మీ గేమ్ నమ్మదగినదేనా అన్నది షాట్ కట్టకముందే తేల్చుకోవాల్సిన విషయం. ఒక అమరికను సేవ్ చేసి, గురి, పవర్, స్పిన్ ఏవీ ముట్టుకోకుండా అదే షాట్‌ను పదిసార్లు ఆడండి. బంతులన్నీ పదిసార్లూ ఒకే చోట ఆగితే అదృష్టవంతులు, మీ చేతిలో ఉన్నది లెక్క ప్రకారం నడిచే యంత్రం. తేడా వస్తుంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఆట సహజంగా అనిపించాలని గేమ్ మీ దెబ్బకు కావాలనే కాస్త వణుకు కలిపి ఉండొచ్చు. లేదా బంతుల కదలిక లెక్క తెర మీద బొమ్మ మారే వేగానికి ముడిపడి ఉండొచ్చు, కంప్యూటర్ కాస్త తడబడితే లెక్కా మారుతుంది. ఈ రెండో దాని దెబ్బ నేను తిన్నాను. మూడు సాయంత్రాలు కూర్చుని ఏడు బంతుల షాట్ ఒకటి కట్టి, అదే ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిస్తే నాలుగో బంతి దగ్గరే ఆగిపోయింది. అప్పుడు చాలా బాధేసింది. ఆ రోజునుంచి గొలుసులో రెండు కంటే ఎక్కువ విడి తాకిళ్లు వరుసగా రాకుండా, మధ్యలో ఒక అంటుకున్న జంట ఉండేలా చూసుకుంటున్నాను.

రెండో పరీక్ష రాపిడి గురించి. నిజం టేబుల్ మీద పింక్ రెడ్‌ను ఒరుసుకుంటూ విడిపోయేటప్పుడు రెడ్‌ను తనతో పాటు కాస్త పక్కకు లాగుతుంది. నెమ్మదిగా కొడితే ఈ లాగుడు ఎక్కువ, గట్టిగా కొడితే తక్కువ. కొన్ని గేములు దీన్ని లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని అసలు పట్టించుకోవు. అంటుకున్న రెండు బంతులను 45 డిగ్రీల నుంచి ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా కొట్టి చూడండి. రెండో బంతి రెండుసార్లూ ఒకే గీత మీద వెళ్తే మీ గేమ్‌లో ఈ రాపిడి లేదు, కేంద్రాల గీతనే నమ్మండి. రెండు గీతలు వేరైతే ఉంది. అప్పుడు జంటను ఆ లాగుడుకు ఎదురు దిశలో ఒకటి రెండు డిగ్రీలు తిప్పి పెట్టాలి, పవర్ కూడా మార్చకుండా ఒక దగ్గరే స్థిరపరచుకోవాలి.

పవర్ విషయంలో నా సలహా చాలామంది చెప్పేదానికి కాస్త ఎదురుగా ఉంటుంది. ఫుల్ పవర్ అయితే ప్రతిసారీ ఒకేలా వస్తుంది కాబట్టి అదే వాడమంటారు. మౌస్‌ను లాగి కొట్టే గేముల్లో అందులో నిజం ఉంది. కానీ స్నూకర్ పాకెట్ అంచులు గుండ్రంగా ఉంటాయి. వేగంగా వచ్చిన బంతి ఆ అంచును తాకితే రెండు అంచుల మధ్య కొట్టుకుని బయటికొస్తుంది. అదే బంతి మెల్లగా వస్తే అంచును తాకినా లోపలికి జారుతుంది. అంటే పవర్ తగ్గిస్తే పాకెట్ పెద్దదైనట్టే. పవర్‌ను అంకెగానో గీతగానో చూపించే గేమ్ అయితే, చివరి బంతి పాకెట్‌కు చేరడానికి చాలినంత కంటే కాస్తే ఎక్కువ పెట్టుకోండి. మన మూడు బంతుల షాట్‌లో స్క్రూ కోసం గట్టిగా కొట్టక తప్పదు, అక్కడ పింక్ పాకెట్ మధ్యలోకి వచ్చేదాకా జంటను ఓపికగా జరుపుకోవాలి.

మొదటి తాకిడికి గురి పెట్టడం మామూలు ఆటలాగే. పాకెట్ వైపు గీతను వెనక్కి పొడిగించి, కొట్టాల్సిన బంతికి అంటుకుని ఒక ఊహా బంతి ఉందనుకోండి. తెల్ల బంతి కేంద్రం ఆ ఊహా బంతి కేంద్రానికి చేరాలి. గేమ్ చూపించే తెల్లని వలయం ఇదే. సగం బంతి కప్పుకునేలా కొడితే రెండో బంతి 30 డిగ్రీలు పక్కకు వెళ్తుంది, ముప్పావు కప్పితే 14.5 డిగ్రీలు, పావు కప్పితే 48.6 డిగ్రీలు. ట్రిక్ షాట్‌లో మొదటి తాకిడికి నేను సగానికి తక్కువ కప్పే కట్ (బంతిని పక్కగా తాకే దెబ్బ) ఎప్పుడూ పెట్టను. సన్నని కట్‌లో తప్పు ఇంకా వేగంగా పెరుగుతుంది. గురి గీత చూపించే గేముల్లో ఒక జాగ్రత్త: ఆ గీత సాధారణంగా కేంద్రాల లెక్కనే చూపిస్తుంది, రాపిడి లాగుడును, సైడ్ స్పిన్ వంపును చూపించదు. గీత పాకెట్ మధ్యకు వెళ్తోంది, బంతి పడటం లేదు అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

కుషన్ వాడాలనుకుంటే అద్దం పద్ధతి పనికొస్తుంది. కుషన్‌కు అవతల పాకెట్ ప్రతిబింబం ఉందనుకుని దానికి గురి పెట్టడం. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఏమిటంటే, అద్దం కుషన్ అంచు మీద ఉండదు. బంతి కేంద్రం ఎప్పుడూ అంచుకు సగం వ్యాసం ఇవతలే ఆగుతుంది కాబట్టి, అద్దం కూడా అంచుకు 26 మిల్లీమీటర్లు ఇవతల ఉన్నట్టు లెక్కవేయాలి. అలా చేసినా గట్టిగా కొట్టిన బంతి వచ్చిన కోణం కంటే నిటారుగా తిరిగొస్తుంది, సైడ్ స్పిన్ ఉంటే ఇంకా మారుతుంది. కాబట్టి ఒక షాట్‌లో ఒక్క కుషన్ చాలు. అది కూడా పాకెట్ నోట్లో వేలాడే బంతికి దారితీసేలా పెట్టుకోండి.

క్యూ వెనక భాగాన్ని పైకెత్తి బంతిని వంపు తిప్పించే షాట్లకు మీ గేమ్‌లో వీలుంటే, గురి పెట్టడానికి ఒక అందమైన సూత్రం ఉంది. ఫ్రెంచి గణితవేత్త కొరియోలిస్ 1835లోనే బిలియర్డ్స్ మీద రాసిన పుస్తకంలో దీన్ని తేల్చాడు. బంతి బట్టను తాకే చోటును ఒక చుక్క అనుకోండి. క్యూ గీతను బంతిలోంచి కిందికి పొడిగిస్తే బట్టను తాకే చోటు రెండో చుక్క. మొదటి చుక్క నుంచి రెండో చుక్కకు గీత గీయండి. వంపు తిరగడం అయిపోయాక బంతి ఆ గీతకు సమాంతరంగా వెళ్తుంది. ఎంత దూరంలో తిరుగుతుందనేది పవర్ మీద ఆధారపడుతుంది, చివరి దిశ మాత్రం అదే. బట్ట రాపిడిని సరిగ్గా రాసిన గేముల్లో ఇది చక్కగా పనిచేయడం నేను చూశాను.

టైమింగ్ మీద ఆధారపడే షాట్లు, అంటే ఒక బంతి దారిలోంచి తప్పుకున్నాక ఇంకోటి అటుగా రావడం లాంటివి, మొదట్లో పెట్టుకోవద్దు. ఎగ్జిబిషన్లలో తెల్ల బంతి పాకెట్ వైపు మెల్లగా దొర్లుతుండగానే వరుసగా రెడ్‌లను ముందే పాకెట్‌లో వేసే షాట్ చూసే ఉంటారు. బంతులన్నీ ఆగేదాకా చాలా గేములు మళ్లీ కొట్టనివ్వవు కాబట్టి దాని జోలికి వెళ్లి ప్రయోజనం లేదు.

1991లో ఆర్చర్ మెక్లీన్ రాసిన ‘జిమ్మీ వైట్స్ వర్ల్‌విండ్ స్నూకర్’లోనే బంతులను ఇష్టమొచ్చిన చోట పేర్చుకుని ట్రిక్ షాట్లు ఆడుకునే వీలుండేది. అప్పటి అమిగా, అటారీ ఎస్‌టీ కంప్యూటర్ల శక్తి ఎంతో తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద పనో అర్థమవుతుంది. ఇప్పటి గేములు అంతకంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా లెక్కవేస్తాయి. కానీ తొమ్మిది రెట్లు, పందొమ్మిది రెట్లు అనే ఆ పెరుగుదల అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.

ఇక మీ నాలుగు రెడ్‌ల షాట్‌ను వదులుకోవాల్సిన పనిలేదు. మూడో, నాలుగో రెడ్‌లను అంటించి పాకెట్ గీత మీద పెట్టండి. రెండోదాన్ని ఆ జంటకు ఒక అరచేయి వెడల్పు దూరంలో, మొదటిదాన్ని రెండోదానికి అంటించి, ఆ రెండింటి గీత మూడోదాని మధ్యకు చూసేలా పెట్టండి. ఇప్పుడు రెండు జంటలయ్యాయి. మీ గురిలో తప్పు మొదటి జంట దగ్గర ఆగిపోతుంది. మధ్యలో ఉన్న చిన్న ఎడంలో పుట్టిన తప్పు రెండో జంట దగ్గర ఆగిపోతుంది. మొదట నాలుగోది, మూడోది మాత్రమే టేబుల్ మీద ఉంచి, మూడోదాన్ని తెల్ల బంతితో నేరుగా కొట్టి చూడండి. నాలుగోది ఐదుసార్లు వరుసగా పడ్డాకే మొదటి జంటను తీసుకురండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి. బంతి జరిపితే పవర్ ముట్టుకోవద్దు, పవర్ మారిస్తే బంతి ముట్టుకోవద్దు. జరిపిన ప్రతిసారీ ఎటు, ఎంత అన్నది పక్కన కాగితం మీద రాసుకోండి. పింక్ జంటను మీ గేమ్‌లో ఎన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరపాల్సి వచ్చిందో నాకు చెబితే, ఆ గేమ్ తాకిడిలో ఎంత వేగం పోగొడుతోందో లెక్కగట్టి, తర్వాతి షాట్‌కు అంకెలు నేనే ఇస్తాను.